హృద్రోగి మందుల సంచి
వైద్యశాలలో చేరిన గుండెజబ్బు రోగులకు మందుల వలన కలుగు చిక్కులు, వాని నివారణము

గుండెజబ్బుతో వైద్యశాలకు వచ్చు రోగి సాధారణముగా ఒంటరిగా రాడు. వెంట భార్యయో, కుమారుడో, కోడలో వచ్చును. వారి చేతిలో ఒక సంచి యుండును. అందులో పాత చీటీలు, సగము వాడిన బిళ్లల పట్టీలు, ఎవరో మంచిదని చెప్పగా కొన్న పొడి, పేరు చెరిగిపోయిన సీసా యొకటి కనబడును. రోగిని మంచముపై పరుండబెట్టగానే ఆ సంచి మంచము క్రిందికి పోవును. నాడి చూతురు, రక్తపుపోటు చూతురు, ఇ.సి.జి. తీయుదురు, నెత్తురు పరీక్షకు పంపుదురు. సంచిని మాత్రము పలుమార్లు ఎవరును విప్పి చూడరు.

ఆ సంచిని విప్పి చూచుట కూడ చికిత్సలో ఒక భాగమే. రోగి శరీరములోనికి పోవుచున్న ప్రతి మందును ఒక్క కాగితముపై వ్రాసి, ఆ కాగితమును ఇంటినుండి వైద్యశాలకును, వైద్యశాలనుండి ఇంటికిని రోగితోపాటు నడిపింపవలెను. ఈ చిన్న పని జరుగనందున, మేలు చేయవలసిన మందు కీడు చేసిన సందర్భములు ప్రపంచమందంతటను గలవు.

మొదటనే ఒక హెచ్చరిక. ఇది చదివి ఎవరును మందులనగా భయపడరాదు. గుండెజబ్బునకు నేడు చక్కని మందులు గలవు. వానివలన లక్షలాది జనులు బ్రదికి, పనిపాటలు చేసికొనుచున్నారు. భయపడి మందు మానుట, తెలియక మందు మింగుటకంటె తక్కువ ప్రమాదము కాదు.

ఒక ఉదాహరణము

ఈ క్రింది ఉదాహరణము ఏ ఒక్కరి కథయు కాదు. వైద్యులకును నర్సులకును బాగుగ పరిచితమైన సంగతులను కూర్చి చెప్పినది.

65 ఏండ్ల రైతు ఒకడు. గుండె బలహీనపడినందున పట్నములోని డాక్టరు రెండు మందులు వ్రాసియిచ్చెను. ఒకటి గుండె కొట్టుకొనుటను క్రమపరచు డిగాక్సిన్. రెండవది ఒంటిలోని నీరు తీయు ఫ్యూరోసెమైడ్. "ఈ మందులు ఎన్నడును మానకూడదు" అని డాక్టరు గట్టిగా చెప్పెను. రైతు భార్య ఆ మాటను తు.చ. తప్పక పాటించుచు వచ్చెను.

కొన్నాళ్లకు రైతునకు మోకాళ్ల నొప్పులు పట్టుకొనెను. మందుల దుకాణమునకు పోయి అడుగగా నొప్పి బిళ్లలిచ్చిరి. నొప్పి తగ్గెను, కావున అవియు రోజు వాడసాగెను. రెండు వారములలో కాళ్లు వాచెను, ఆయాసము హెచ్చెను. జబ్బు ముదిరినదని తలచి జిల్లా వైద్యశాలకు తీసికొనిపోయిరి.

అక్కడి డాక్టరు, "ఏమేమి మందులు వాడుచున్నారు?" అని అడిగెను. ఊరినుండి అప్పుడే వచ్చిన కుమారుడు, "ఏవో రెండు బిళ్లలండి, పేర్లు తెలియవు" అనెను. డాక్టరు పరీక్షించి నీరు తీయు సూదిమందును, డిగాక్సిన్ బిళ్లను వ్రాసెను. అయితే వైద్యశాలలో ఇచ్చిన డిగాక్సిన్ వేరొక కంపెనీది. పేరు వేరు, బిళ్ల రంగు వేరు. నర్సు ఉదయము ఆ బిళ్ల ఇచ్చుచుండెను. రాత్రి భార్య, సంచిలోని పాత బిళ్లను అలవాటు చొప్పున ఇచ్చుచుండెను. అవి ఇంటి మందులు, ఇవి ఆసుపత్రి మందులు అని ఆమె తలంపు. రెండును ఒకటేయని ఆమెకు చెప్పినవారు లేరు.

వాపు తగ్గెను. అందరు సంతోషించిరి. కాని నాలుగవనాడు రోగికి అన్నము సయించలేదు. వాంతి వచ్చునట్లుండెను. ఆసుపత్రి భోజనము పడలేదని ఇంటివారనుకొనిరి. ఐదవనాటి ఉదయము నర్సు నాడి పట్టి చూచెను. నిమిషమునకు 46 సార్లు మాత్రమే కొట్టుకొనుచుండెను. ఆమె అనుమానించి, "పెద్దమ్మా, ఇంటి మందులేమైన ఇచ్చుచున్నారా?" అని అడిగెను.

"గుండె బిళ్ల ఒక్కటే ఇచ్చుచున్నానమ్మా. మానకూడదని పట్నపు డాక్టరుగారే చెప్పినారు" అని ఆ ఇల్లాలు బదులు చెప్పెను.

సంచి అప్పుడు మంచము క్రిందినుండి వెలికి వచ్చెను. అందులో డిగాక్సిన్ కనబడెను. మోకాళ్ల బిళ్లలును కనబడెను. డాక్టరు వెంటనే డిగాక్సిన్ ఆపించి, నెత్తురులో లవణములను పరీక్షింపించి, తగ్గిన పొటాషియంను సరిచేయించెను. రోగి కోలుకొనెను. నొప్పి బిళ్లలు మానుటతో వాపు మరల రాలేదు.

ఇందులో తప్పు ఎవరిది? భార్య డాక్టరు మాటనే పాటించెను. డాక్టరు సరియైన మందే వ్రాసెను. నర్సు వేళకే ఇచ్చెను. ఒక్కొక్కరు తమ తమ పనిని సక్రమముగనే చేసిరి. అన్ని మందులను ఒక్కచోట చూచినవారు మాత్రము లేకపోయిరి. మందుల వలని చిక్కులు పెక్కు ఇట్లే పుట్టును. నేరస్థుని వెదకుటకంటె, లోపించిన కాగితమును చేర్చుట మేలు.

గుండె మందులు ఏల సున్నితమైనవి?

కొన్ని మందులు కొంచెము ఎక్కువైనను శరీరము సహించును. గుండె మందులలో కొన్ని అట్టివి కావు. వాని మేలునకును కీడునకును నడుమ ఎడము మిక్కిలి స్వల్పము.

డిగాక్సిన్ చరిత్రయే ఇందుకు సాక్ష్యము. ఇంగ్లండులో విలియం విదరింగ్ అను వైద్యుడు 1775లో, ఉబ్బురోగమునకు ష్రాప్‌షైర్ ప్రాంతపు వృద్ధస్త్రీ ఒకతె వాడు మూలికల మందును గూర్చి వినెను. అందులో ఇరువదికి పైగా మూలికలుండగా, పనిచేయునది ఫాక్స్‌గ్లవ్ అను పూలమొక్కయని ఆయన గుర్తించెను. పదియేండ్లు రోగులను శ్రద్ధగా గమనించి 1785లో గ్రంథము ప్రచురించెను. మోతాదు మించినచో వాంతులు, చూపులో మార్పు, నాడి మందగించుట కలుగునని ఆనాడే ఆయన వ్రాసెను. అదే జాతి మొక్కనుండి 1930లో డిగాక్సిన్ వేరుచేయబడెను. నేడు గుండె బలహీనత గలవారికి, ఒక మిల్లీలీటరు నెత్తురులో 0.5 మొదలు 0.9 నానోగ్రాముల డిగాక్సిన్ చాలునని వైద్యులు ఎంచుచున్నారు. అది 2 నానోగ్రాములు దాటినచో విషలక్షణములు తరచుగ కనబడును. పొటాషియం తగ్గియున్న రోగిలో అంతకు ముందే కనబడవచ్చును.

ఈ మందు చాలవరకు మూత్రపిండముల ద్వారా బయటికి పోవును. వయసు మీరినవారిలోను, మూత్రపిండములు చెడినవారిలోను అది ఒంటిలో నిలిచిపోవును. నీరు తీయు ఫ్యూరోసెమైడ్ నీటితోపాటు పొటాషియంను కూడ తీసివేయును. పొటాషియం తగ్గిన గుండెపై డిగాక్సిన్ ప్రభావము తీవ్రమగును. నాడిని క్రమపరచు అమియోడరోన్, వెరాపమిల్ అను మందులును, క్లారిత్రోమైసిన్ అను సూక్ష్మజీవినాశక మందును నెత్తురులో డిగాక్సిన్‌ను హెచ్చించును.

మన రైతు విషయమున మూడు కారణములు కలిసెను. మోతాదు రెట్టింపయ్యెను, నీరు తీయు సూదిమందు పొటాషియంను తగ్గించెను, నొప్పి బిళ్లలు మూత్రపిండముల పనిని మందగింపజేసెను. ఒక్కొక్కటి విడిగా చిన్న విషయమే. మూడు కూడినందున ప్రాణముమీదికి వచ్చెను.

నెత్తురు గడ్డకట్టకుండ చేయు మందులు

రుమాటిక్ జ్వరమనబడు కీళ్లవాత జ్వరము వలన గుండె కవాటములు చెడినవారు మన దేశమున అనేకులు గలరు. కృత్రిమ లోహ కవాటము అమర్చినవారికిని, గుండె క్రమము తప్పి కొట్టుకొనువారిలో పలువురికిని నెత్తురు గడ్డకట్టకుండ మందు ఇత్తురు. లోహ కవాటము గలవారికి వార్‌ఫరిన్, అసినోకౌమరాల్ వంటివి జీవితాంతము వాడవలసినవి.

వార్‌ఫరిన్ పుట్టుక వింతయైనది. 1920 దశకమున ఉత్తర అమెరికాలో బూజుపట్టిన ఒక జాతి పశుగ్రాసమును మేసిన పశువులు నెత్తురు కారి మరణించుచుండెను. దానికి కారణమైన పదార్థమును విస్కాన్సిన్‌లో కార్ల్ లింక్ అను శాస్త్రవేత్త బృందము 1940 ప్రాంతమున వేరుపరచెను. దాని ఆధారముగా తయారైన వార్‌ఫరిన్ 1948లో ఎలుకల మందుగా అమ్మకమునకు వచ్చెను. 1954లో మనుష్యుల చికిత్సకు అమెరికాలో అనుమతి పొందెను. మోతాదు కుదిరిన రక్షకము, మించిన విషము అనుటకు ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతము అక్కరలేదు.

ఈ మందు వాడువారికి ఐ.ఎన్.ఆర్. అను నెత్తురు పరీక్ష తప్పనిసరి. క్రమము తప్పిన గుండెకై వాడువారిలో ఆ సంఖ్య సాధారణముగా 2, 3 నడుమ ఉండవలెను. మిట్రల్ స్థానమున లోహ కవాటము గలవారిలో 2.5, 3.5 నడుమ ఉండవలెను. తక్కువైనచో గడ్డలు కట్టి పక్షవాతము రావచ్చును. ఎక్కువైనచో నెత్తురు కారవచ్చును. నేడు మార్చిన మోతాదు ఫలితము నేడే తెలియదు. పూర్తిగ తెలియుటకు కొన్ని దినములు పట్టును.

వైద్యశాలలో చేరినపుడు ఈ సంఖ్య సులభముగా తారుమారగును. రోగి అన్నము తినకపోవును. కడుపులో బాధకు మెట్రోనిడజోల్ ఇచ్చినను, మూత్రనాళపు జబ్బునకు కోట్రైమోక్సజోల్ ఇచ్చినను వార్‌ఫరిన్ బలము పెరుగును. క్షయకు వాడు రిఫాంపిసిన్ ఇచ్చినచో దాని బలము బాగుగ తగ్గిపోవును. ఆరు నెలల పిమ్మట రిఫాంపిసిన్ ఆపగా, పెంచిన వార్‌ఫరిన్ మోతాదు అట్లేయుండినచో నెత్తురు కారు ప్రమాదము వచ్చును. కావున కొత్త మందు చేర్చునాడును, పాత మందు తీయునాడును పరీక్ష చేయింపవలెను.

ఆహారమును గూర్చి కూడ ఒక మాట. తోటకూర, పాలకూర, మునగాకు వంటి ఆకుకూరలలో విటమిన్ కె అధికము. అది వార్‌ఫరిన్‌కు విరుద్ధముగ పనిచేయును. అట్లని ఆకుకూరలు పూర్తిగ మాననక్కరలేదు. వారమునకు ఎంత తినుట అలవాటో అంతే తినుచుండవలెను. ఒక నెల పూర్తిగ మాని, మరుసటి నెల పూటపూట తినుట మంచిది కాదు.

గర్భము ధరించు వయసులోనున్న స్త్రీలు వార్‌ఫరిన్ వాడుచున్నచో ఆ సంగతి డాక్టరుతో ముందుగనే మాటలాడవలెను. తొలి మాసములలో అది గర్భస్థ శిశువునకు హాని చేయవచ్చును. అయితే తమంతట తాము మానినచో తల్లి ప్రాణమునకే ముప్పు.

లవణముల తూకము

గుండె క్రమముగా కొట్టుకొనుటకు నెత్తురులో పొటాషియం సరియైన పాళమున ఉండవలెను. తగ్గినను ప్రమాదమే, పెరిగినను ప్రమాదమే.

1999లో ప్రకటింపబడిన ఒక పెద్ద పరిశోధనలో, తీవ్రమైన గుండె బలహీనత గల 1,663 మంది రోగులను పరిశీలించిరి. వాడుక మందులకు స్పైరోనోలాక్టోన్ చేర్చినవారిలో మరణములు 30 శాతము తగ్గెను. డాక్టర్లు సంతోషముతో ఆ మందును విరివిగా వ్రాయసాగిరి. కాని ఈ మందు పొటాషియంను ఒంటిలో నిలుపును. రక్తపుపోటునకును గుండెకును వాడు ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి మందులును అదే పని చేయును. కెనడాలోని ఒంటారియో రాష్ట్రమున ఈ రెండవ జాతి మందులు వాడుచున్న వృద్ధ హృద్రోగుల లెక్కలను తీసి చూడగా, పొటాషియం పెరిగి ఆసుపత్రిలో చేరినవారు 1994లో వేయికి 2.4 మంది, 2001లో వేయికి 11 మంది. పరిశోధనలో మూత్రపిండములు బాగుగ చెడినవారిని చేర్చుకొనలేదు. చేర్చుకొన్నవారికి తరచుగ నెత్తురు పరీక్షలు జరిపిరి. వెలుపల ఆ రెండు జాగ్రత్తలును సడలెను. మందు అదియే, ఫలితము మారెను. మేలు చేసినది మందు ఒక్కటే కాదు, మందును కనిపెట్టియుండిన కన్ను కూడ.

ఈ మందులు వాడువారికి, ముఖ్యముగ మూత్రపిండములు బలహీనమైనవారికి, బంధువులు ప్రేమతో తెచ్చు కొబ్బరినీళ్లు, పండ్ల రసములు కూడ డాక్టరు నడిగియే ఇయ్యవలెను. వానిలో పొటాషియం మెండు. రక్తపుపోటు గలవారికై "సోడియం తక్కువ ఉప్పు" అని అమ్మెడివానిలో పెక్కింట పొటాషియం చేర్చబడియుండును. అదియు డాక్టరునకు చెప్పవలసిన సంగతియే.

వైద్యశాలలో పొరపాటు దొరలు చోట్లు

పొరపాట్లు సాధారణముగా మూడు తావుల దొరలును. అవి రోగి చేరునపుడు, వార్డులో మందు ఇచ్చునపుడు, ఇంటికి పంపునపుడు.

చేరునపుడు పాత మందులు తెలియక కొన్ని వదలివేయబడును, కొన్ని రెట్టింపగును. ధమనిలో స్టెంట్ అమర్చినవారు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి మందులు వాడుచుందురు. పంటి వైద్యమునకో, వేరొక శస్త్రచికిత్సకో చేరినపుడు గుండె డాక్టరు నడుగకయే వానిని ఆపినచో స్టెంట్‌లో గడ్డ కట్టి గుండెపోటు రావచ్చును. మెటోప్రోలాల్ వంటి మందులను హఠాత్తుగ ఆపినను గుండెనొప్పి తిరుగబెట్టవచ్చును.

వార్డులో మందు ఇచ్చునపుడు ఐదు సంగతులు సరిచూచుట నర్సులకు నేర్పబడు మొదటి పాఠము: సరియైన రోగి, సరియైన మందు, సరియైన మోతాదు, సరియైన వేళ, సరియైన మార్గము. నర్సు ప్రతిసారి పేరు అడిగినచో విసుగుకొనరాదు. అది మరపు కాదు, జాగ్రత్త.

అంకెలలో ఒక చుక్క తప్పినను అనర్థమే. డిగాక్సిన్ బిళ్ల 0.25 మిల్లీగ్రాములు, అనగా 250 మైక్రోగ్రాములు. చుక్కకు ముందు సున్న వ్రాయనిచో 25గా చదువవచ్చును. 5 అని వ్రాయక 5.0 అని వ్రాసినచో 50గా తోచవచ్చును. ధ్వనిలో ఒకదానినొకటి పోలిన పేర్లును, రూపములో ఒకదానినొకటి పోలిన సీసాలును గలవు. గాఢమైన పొటాషియం క్లోరైడ్ ద్రావకమును పలుచన చేయక నేరుగా నరములోనికి ఎక్కించినచో గుండె ఆగిపోవును. అందుచేతనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించిన తొమ్మిది రోగిరక్షణ సూత్రములలో, పోలికగల మందుల పేర్లయెడ జాగ్రత్త, గాఢ లవణ ద్రావకములపై అదుపు, రోగిని ఒకచోటినుండి మరియొకచోటికి మార్చునపుడు మందుల పట్టికను సరిచూచుట అనునవి చేరియున్నవి. మన దేశమున 2016లో అప్పటి భారత వైద్యమండలి, డాక్టర్లు మందుల అసలు పేర్లను స్పష్టముగను, వీలైనంతవరకు పెద్ద అక్షరములతోను వ్రాయవలెనని నిబంధన చేసెను.

హెపారిన్ వంటి సూదిమందుల విషయమున రోగి బరువును, మూత్రపిండముల స్థితిని చూచి మోతాదు కట్టుదురు. కాబట్టి బరువు తూచుట, క్రియాటినిన్ పరీక్షించుట వృథా శ్రమ కావు. ఈ సూదిమందులు వాడుచుండగా చిగుళ్లనుండి నెత్తురు వచ్చుట, ఒంటిపై నల్లని మచ్చలు, నల్లని విరేచనము కనబడినచో వెంటనే నర్సుతో చెప్పవలెను.

దాచరాని సంగతులు

రోగులు కొన్ని మందులను మందులుగనే ఎంచరు. నొప్పి బిళ్లలు, ఆకుపసరులు, నాటువైద్యుని పొడులు, జలుబు మాత్రలు అట్టివి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మందులు ఉప్పును నీటిని ఒంటిలో నిలుపును, మూత్రపిండములను బాధించును, నీరు తీయు మందును పనిచేయనీయవు. నొప్పికి ఏది వాడవచ్చునో డాక్టరే నిర్ణయింపవలెను.

మరికొన్నింటిని సిగ్గుచే దాతురు. దాంపత్య బలహీనతకై సిల్డెనాఫిల్ వంటి బిళ్లలు వాడిన పురుషునకు, గుండెనొప్పి వచ్చినపుడు నాలుక క్రింద పెట్టు నైట్రేటు బిళ్ల ఇచ్చినచో రక్తపుపోటు ఒక్కసారిగ పడిపోయి ప్రాణాపాయము కలుగవచ్చును. డాక్టరు ఏకాంతమున అడిగినపుడు నిజము చెప్పుట సిగ్గుపడవలసిన పని కాదు. మద్యపానమును గూర్చియు అంతే.

మందు వికటించుచున్నదని తెలుపు గుర్తులు

మందు వలని బాధ పలుమారులు జబ్బు వలని బాధ వలెనే కనబడును. కావున ఈ క్రింది గుర్తులను తేలికగా తీసికొనరాదు.

అన్నము సయించకపోవుట, వాంతులు, వస్తువులు పసుపుపచ్చగా కనబడుట, నాడి 60కి తగ్గుట: డిగాక్సిన్ అనుమానింపవలెను. లేచి నిలువగానే కన్నులు చీకట్లు క్రమ్ముట, తూలిపడుట: రక్తపుపోటు మందులో, నీరు తీయు మందులో ఎక్కువయ్యెనేమో చూడవలెను. కండరములు నీరసించుట, పిక్కలు పట్టుట, గుండె దడ: పొటాషియం పరీక్షింపవలెను. వృద్ధులు అకస్మాత్తుగ తికమకపడి మాటలాడుట: ముసలితనమని వదలివేయరాదు. ముఖము, పెదవులు, నాలుక వాచుట: ఇది అత్యవసరము, ఎనలాప్రిల్ వంటి మందులవలన అరుదుగ కలుగును.

ఇట్టివి కనబడినపుడు మందును మీయంతట మీరు మానరాదు. తరువాతి మోతాదు ఇచ్చుటకు ముందే డాక్టరుతోనో, నర్సుతోనో చెప్పవలెను.

ఇంటికి పోవునాడు

రోగి ఇంటికి పోవునాడు సంతోషమును, తొందరయు ఉండును. లెక్క తీర్చుట, బండి పిలుచుట, సామానులు సర్దుట అను సందడిలో డిశ్చార్జి చీటి మడిచి జేబులో పెట్టుకొందురు. అయితే ప్రమాదము మరల తలయెత్తునది ఇక్కడనే. ఇంట పాత బిళ్లలున్నవి, చేతిలో కొత్త బిళ్లలున్నవి. ఏవి మానవలెను, ఏవి కొనసాగింపవలెను?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో "హాని లేని ఔషధము" అను పేర ఒక ఉద్యమమును ప్రారంభించి, మూడు సందర్భములను ముఖ్యముగ ఎంచెను: ప్రమాదకరమైన మందులు వాడు సందర్భము, ఒక్కరే పెక్కు మందులు వాడు సందర్భము, రోగి ఒకచోటినుండి వేరొకచోటికి మారు సందర్భము. ఇంటికి పోవు హృద్రోగిలో ఈ మూడును ఒక్కసారే కలియును.

కావున వార్డు విడుచుటకు ముందు డాక్టరునో, నర్సునో, ఫార్మసిస్టునో కూర్చుండబెట్టుకొని ఐదు ప్రశ్నలడుగవలెను. ఈ మందు దేనికి? ఎప్పుడు, ఎంత, ఎన్నాళ్లు? పాత మందులలో ఏవి మానవలెను? ఏ గుర్తు కనబడినచో వెంటనే రావలెను? నెత్తురు పరీక్షకు మరల ఎప్పుడు రావలెను? జవాబులను తెలుగులో, ఇంట చదువగలవారు చదువునట్లు వ్రాయించుకొనవలెను. చదువురానివారికి ఉదయము, మధ్యాహ్నము, రాత్రి అని వేరువేరు పొట్లములు కట్టి గుర్తులు వేసి ఇయ్యవచ్చును. మానవలసిన పాత బిళ్లలను ఆనాడే సంచినుండి తీసివేయవలెను.

దేశములోని ఏర్పాటు

మందుల దుష్ఫలితములను పోగుచేసి పరిశీలించుటకై 2010 జులైలో భారత ఔషధ నిఘా కార్యక్రమము ప్రారంభమయ్యెను. 2011 నుండి గాజియాబాదులోని భారత ఔషధ ప్రమాణ సంస్థ దానిని నడుపుచున్నది. దేశమందలి పలు వైద్య కళాశాలలలో దీని కేంద్రములు గలవు. డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టులే గాక రోగులును, వారి బంధువులును తమ అనుభవమును తెలుపవచ్చును. అందుకు వలయు పత్రము తెలుగు మొదలగు భారతీయ భాషలలో గలదు. 1800-180-3024 అను ఉచిత టెలిఫోను సంఖ్యకు చెప్పవచ్చును. ఇట్లు తెలుపుట ఎవరిపైనను ఫిర్యాదు చేయుట కాదు. ఒక రోగికి కలిగిన బాధ పదిమందికి హెచ్చరిక యగును.

గుర్తుంచుకొనవలసినవి

1. వైద్యశాలకు పోవునపుడు ఇంటనున్న మందులన్నిటిని, చీటీలన్నిటిని వెంట తీసికొనిపోవలెను. పొడులు, పసరులు, నొప్పి బిళ్లలు కూడ.

2. ఆ సంచిని మంచము క్రింద పెట్టక డాక్టరుకో నర్సుకో చూపవలెను. వారు చెప్పనిదే ఇంటి మందు ఒక్కటియు వార్డులో ఇయ్యరాదు.

3. మందు పేరు రెండు విధములుగ నుండవచ్చును. కంపెనీ పేరు వేరు, అసలు పేరు వేరు. పట్టీపై అసలు పేరును చూచుట నేర్చుకొనవలెను.

4. ఇదివరలో ఏ మందైన పడలేదా, మూత్రపిండముల జబ్బు గలదా, గర్భము గలదా అను సంగతులను అడుగకున్నను చెప్పవలెను.

5. కొత్త బాధ ఏది కలిగినను, అది మందు వలన కావచ్చునా యని అడుగవలెను.

6. మందును తమంతట తాము మానరాదు, పెంచరాదు, పొరుగువారికి ఇయ్యరాదు.

7. అన్ని మందుల పేర్లు, మోతాదులు ఒక్క కాగితముపై వ్రాసి రోగి జేబులో ఉంచవలెను; మార్పు జరిగిన ప్రతిసారి దిద్దుకొనవలెను.

పైన చెప్పిన రైతు భార్యకు చదువు రాదనుకొందము. ఐనను ఆమెకు భర్తయెడ శ్రద్ధ యున్నది. మందు వేళ తప్పనీయని నియమము ఉన్నది. ఆమె శ్రద్ధయే ఒకనాడు హాని చేసెను. విషయము తెలిసినచో ఆ శ్రద్ధయే రక్షించును. ప్రతి హృద్రోగి ప్రక్కనను అట్టి ఆత్మీయులొకరు ఉందురు. వారిని సందర్శకులుగ గాక చికిత్సలో భాగస్వాములుగ చూచుట వైద్యశాల ధర్మము. అడుగుటకు జంకక, దాచక, సంచిని విప్పి చూపుట వారి ధర్మము.